చిల్పూరు ప్రయాణం

పరశురాములును మా ఊళ్లో ఎవరూ సోమరి అనలేదు. అనడానికి వీల్లేదు. రేగొండ అవతల పత్తిచేల మధ్య ఉన్న మా ఊరికి నీళ్లు వదిలే మనిషి అతనే. పొద్దు పొడవకముందే ట్యాంకు దగ్గరికి వచ్చి, పొడవాటి ఇనుప కడ్డీతో ఒక్కో వాడ వాల్వు తిప్పేవాడు. మోటరు కాలిపోతే భూపాలపల్లి పోయి మెకానిక్కును తన బండి మీదే ఎక్కించుకొచ్చేవాడు. పైపు పగిలితే నడుము లోతు గుంట తవ్వి, బురదలో కూర్చుని అతుకు వేసేవాడు. ఎవరింట్లోనైనా పెండ్లి అంటే, చావు అంటే, వాళ్లు అడగకముందే ఆ వాడకు రెండోసారి నల్లా వచ్చేది. ట్యాంకు ఎదురుగా మాది కిరాణా దుకాణం. ఏండ్ల తరబడి అతణ్ణి రోజూ చూశాను. ఊరి పని ఏదైనా అతను రేపటికి పెట్టగా నేను చూడలేదు. తన సొంత పని మాత్రం ఏదీ ఆ రోజు చేయగా చూడలేదు.

అతని భార్య కళ్యాణిది చిల్పూరు గుట్ట కింది ఊరు. మా ఊరి నుంచి పోవాలంటే పరకాల మీదుగా హనుమకొండ చేరి, అక్కడ జనగామ బస్సు ఎక్కి, ఘనపూర్‌లో దిగి, మళ్లీ ఆటో పట్టుకోవాలి. పొద్దున బయలుదేరితే మధ్యాహ్నం అన్నం వేళకు చేరొచ్చు. అంత దూరం నుంచి వచ్చిన పిల్ల మా ఊళ్లో తొందరగానే కలిసిపోయింది. పత్తి ఏరే చేతివేగంలో ఆమెకు సరిజోడు లేరని ఆడవాళ్లు చెప్పుకునేవారు. పరశురాములుకు ఆమె అంటే ఇష్టం. అది దాచుకోవడం కూడా అతనికి తెలియదు. ఆమె దుకాణానికి వస్తే ట్యాంకు మెట్ల మీద నుంచే చూస్తూ నిలబడేవాడు.

వాళ్లింటి వెనక స్నానానికి గది లేదు. నాలుగు కర్రలు పాతి, చుట్టూ పాత చీరలు కట్టుకున్నారు. అతని తల్లి పోశమ్మ జన్మంతా అట్లాగే స్నానం చేసింది. ఆమెకు అందులో లోటు కనపడలేదు. కళ్యాణి పెండ్లయిన ఏడాదే గది అడిగింది. పరశురాములు ఆ వారమే ఇటుకలు తెప్పించాడు. ఇటుకలు దొడ్లో పేర్చి ఉన్నాయి. బిడ్డ పుట్టింది, తేజస్విని అని పేరు పెట్టుకున్నారు. ఆ పిల్ల ఇటుకల మీద ఎక్కి ఆడుకునేంత పెద్దదైంది. ఇటుకల సందుల్లో గడ్డి మొలిచింది. మేస్త్రీ ఓదెలు అతనికి చిన్నప్పటి దోస్తు, ఉండేది పక్క వాడలోనే. ఒక్క మాట అంటే తాపీ పట్టుకుని వచ్చేవాడు. ఆ ఒక్క మాటను పరశురాములు ఎప్పుడూ వచ్చే వారానికే పెట్టేవాడు.

ఒక ఎండాకాలం పొద్దున, నల్లాలు వస్తున్న వేళ, ఉన్నట్టుండి గాలిదుమారం లేచింది. వాళ్ల దొడ్డి పక్క తొవ్వలో బిందెలు పట్టుకుని జనం ఉన్నారు. పరశురాములు కూడా కడ్డీ పట్టుకుని అక్కడే ఉన్నాడు. గాలికి చీరలు ముడులు ఊడి ఎగిరిపోయాయి. కళ్యాణి స్నానం మధ్యలో ఉంది. గభాలున కూలబడి, బకెట్టును ఎదురుగా లాక్కుని ముడుచుకుపోయింది. ఒక ముసలామె కొంగు తీసి కప్పడానికి ఉరికింది. ఎవడో పడుచోడు ఏదో కూశాడు. అంతా నవ్వారు. పరశురాములు కూడా నవ్వాడు.

పదిమంది నవ్వుతుంటే మనకు తెలియకుండానే మన మొహం మీదికి వచ్చే నవ్వు ఉంటుంది, అటువంటిదే అది. కానీ కళ్యాణి తల ఎత్తినప్పుడు కూసినవాణ్ణి చూడలేదు, జనాన్ని చూడలేదు. భర్తను చూసింది.

ఆమె గొడవ పెట్టుకోలేదు. పోశమ్మే, "జర గట్టిగ కట్టుకోవద్దా అవ్వా, ఇజ్జత్ పాయె" అని సణిగింది. మర్నాడు పొద్దున కళ్యాణి ఒక సంచితో, బిడ్డ చెయ్యి పట్టుకుని మా దుకాణం ముందు ఆటో కోసం నిలబడింది. పరశురాములు వాల్వు వదిలి దగ్గరికి వచ్చాడు.

"గది కట్టు" అంది కళ్యాణి. "కట్టినంక నువ్వొచ్చి తోలుకపో. మనుషులను పంపకు. నువ్వే రావాలె."

"వారంల వస్త" అన్నాడు పరశురాములు.

అబద్ధం చెప్పలేదు. నిజంగానే ఆ రెండు మూడు రోజుల్లో ఓదెలును పిలిచాడు. ఇద్దరూ పునాది తీశారు. గోడలు నడుము ఎత్తు లేచాయి. అంతలో ఊరి మోటరు కాలింది. పరశురాములు దాని వెంట ఉరికాడు. ఓదెలుకు ఇంకోచోట స్లాబు పని తగిలింది. మోటరు బాగయ్యాక మళ్లీ పిలవడం ఒక్కటే మిగిలింది. పిలవలేదు. వానలు పడి గోడలకు పచ్చగా పాకర పట్టింది.

"రేకులు పడంగనే పోత అన్నా" అనేవాడు నాతో. కొన్నాళ్లకు, "గది ఎట్లనో అయితది, ముందుగాల పోయి మాట్లాడి వస్త" అనడం మొదలుపెట్టాడు.

ఒకసారి బయలుదేరాడు కూడా. గడ్డం గీయించుకుని, తెల్లచొక్కా తొడుక్కుని, బిడ్డకు గౌను కొనుక్కుని హనుమకొండ దాకా పోయాడు. అక్కడ ఏం జరిగిందో తరువాత ఎప్పుడో అతనే నాకు చెప్పాడు. జనగామ బస్సు నిలబడి ఉంది. కండక్టర్ ఘనపూర్, ఘనపూర్ అని పిలుస్తున్నాడు. ఇతను మెట్టు మీద కాలు పెట్టబోయాడు.

"పోంగనే గది అయిందా అంటది గదన్నా. ఏమని చెప్పాలె అనిపించింది. జర ఆలోచన చేసుకొని పోదాం, గిది పోతే ఇంకోటి ఉన్నది గదా అనుకున్న."

ఇంకొకటి వచ్చింది. అది కూడా వెళ్లింది. సిమెంటు బెంచీ మీద కూర్చుని పోయే బస్సులన్నీ చూశాడు. సాయంత్రం పరకాల బస్సు వస్తే మాత్రం ఎవరో తోసినట్టు వెళ్లి ఎక్కాడు. ఎక్కి కూర్చోగానే గుండె తేలికపడిందట. వచ్చే ఆదివారం తప్పకుండా పోవాలని గట్టిగా అనుకున్నాడట. ఇంటికి వచ్చి కడుపునిండా తిన్నాడు. తల్లితో, "ఆళ్లు ఇంట్ల లేరు, ఎటో పోయిండ్రు" అన్నాడు.

పోవాలని గట్టిగా అనుకున్న రోజు అతనికి అన్నం బాగా సహించేది. అది నేను గమనించాను. ఆ రోజు నాతో నవ్వుతూ మాట్లాడేవాడు, బిడ్డ బడి సంగతులు చెప్పేవాడు, ఇంటికి కొత్త బల్బు కూడా కొనేవాడు. తెల్లవారితే మళ్లీ మొహం వేలాడేది.

ఫోన్లో మాట్లాడుకునేవారు. "ఈ ఐతారం వస్తున్న" అని చెప్పేవాడు. కళ్యాణి తమ్ముడు ఎల్లస్వామి చాలాకాలం తరువాత నాకు చెప్పాడు. మొదట్లో ఆమె ఆదివారం పొద్దున్నే వాకిలి ఊడ్చి, పేడనీళ్ల సాన్పు చల్లి, కోడిని కోయించేదట. తరువాత కోడి మానేసి పప్పు వండేది. ఆ తరువాత వంట మానేసింది. వాకిలి ఊడ్వడం మాత్రం చాన్నాళ్లు మానలేదు.

కరోనా వచ్చి దార్లన్నీ మూసినప్పుడు పరశురాములు నిమ్మళంగా ఉన్నాడు. ఊరంతా పరేషాన్‌లో ఉంటే అతనొక్కడే హాయిగా నిద్రపోయినట్టు కనిపించేవాడు. "బస్సులు నడుస్తలేవు గదా కళ్యాణీ" అని ఫోన్లో చెబుతుంటే గొంతులో తడబాటు లేదు. అప్పుడు ఆ మాట నిజం కాబట్టి.

ఒకరోజు ఓదెలు మా దుకాణం ముందు అతణ్ణి నిలదీశాడు.

"అరే పర్శరాములు, నేనొకటి అడుగుత, నిజం చెప్పు. నీకు ఆమె కావాల్నా?"

"కావాలె."

"మరేంది నీ రోగం? ఎవలైనా అడ్డం పడ్తున్రా? మీ అవ్వ వద్దంటున్నదా?"

"లేదు. ఎవ్వలు అంటలేరు."

"నడువు, నేనే వస్త నీతోని. గిప్పుడే పోదాం. బండి తియ్యి."

పరశురాములు గోడకు ఆనుకుని నేలను చూస్తూ నిలబడ్డాడు. "గిప్పుడా? చెప్పకుంట పోతే ఏమనుకుంటరు? రేపు ఫోన్ చేసి పోదాం."

ఓదెలు తల అడ్డంగా ఊపాడు. "నీకు ఆమె అక్కర లేదురా. ఎప్పుడో ఒకనాడు తోలుకస్తనని అనుకుంట కూసుండుడు కావాలె నీకు. అదైతే దినాం దొరుకుతున్నది" అన్నాడు.

పరశురాములు కోపం తెచ్చుకోలేదు. కండ్లలో నీళ్లు తిరిగాయి. "గట్ల కాదన్నా" అని నావైపు తిరిగాడు. ఎట్లానో మాత్రం చెప్పలేకపోయాడు.

ఆ తరువాత రెండేండ్లకో ఏమో, తేజస్విని పెద్దమనిషి అయింది. ఎల్లస్వామి బొట్టు పట్టుకుని స్వయంగా వచ్చాడు. ట్యాంకు దగ్గరే బావ నుదుట బొట్టు పెట్టి, "బావా, పాత ముచ్చట్లన్నీ పక్కకు పెట్టు. బిడ్డ తండ్రి లేకుంట పీట మీద కూసుంటదా? నువ్వు రా, సాలు. ఎవ్వలేమనరు. మా అక్క కూడ ఏమనది" అన్నాడు.

ఈసారి పరశురాములు పోయాడు. హనుమకొండలో ఆగలేదు. ఘనపూర్‌లో దిగాడు, ఆటో ఎక్కాడు. బిడ్డకు కొన్న పట్టుబట్టల సంచి చేతిలో ఉంది. అత్తగారి వాడ మలుపులో దిగాడు. ఎదురుగా రంగురంగుల టెంటు. మైకులో పాటలు. వాసన బట్టి చూస్తే అన్నాలు సిద్ధమైనట్టే ఉంది. మలుపులో నీడకు నిలబడ్డాడు. కాళ్లు ముందుకు పోలేదు. టెంటులో నుంచి ఒకామె చేతులు కడుక్కోవడానికి బయటికి వచ్చి, ఇతణ్ణి చూసింది.

"ఎవలు మీరు? ఎవలింటికి?"

"గుట్టకొచ్చిన" అన్నాడు పరశురాములు. "దేవుని దర్శనానికి."

"తొవ్వ గిటు కాదు, గటు" అని ఆమె గుట్ట వైపు చేయి చూపించింది.

ఆమె చూస్తూనే ఉంది కాబట్టి అటే నడిచాడు. గుట్ట ఎక్కాడు. బుగులు వెంకటేశ్వరస్వామి గుడి ముందు నీడలో కూర్చున్నాడు. కింద మైకు పాటలు అక్కడికి వినిపిస్తున్నాయి. మైకు ఆగిపోయేదాకా కూర్చుని, వేరే తొవ్వన దిగి వచ్చాడు. బట్టల సంచిని ఏం చేశాడో నాకు చెప్పలేదు. నేను అడగలేదు.

అక్కడ కింద, మేనమామే తండ్రి చేయాల్సినవి కూడా చేసి పిల్లను పీట మీద నుంచి లేపాడు.

ఆ ఏటి ఎండాకాలంలోనే చుట్టాలు కళ్యాణికి ఒక సంబంధం తెచ్చారు. మహబూబాబాద్ స్టేషన్ రోడ్డులో టిఫిన్ బండి నడిపే బాలనర్సయ్య. భార్య చనిపోయింది, ఇద్దరు కొడుకులు. నెమ్మదస్తుడు. కళ్యాణి వెంటనే సరేననలేదు. పెద్దమనుషుల ముందు మొదటి ముడి తేలాలని అంది. ఎల్లస్వామి ఫోన్ చేసి, "బావా, తోలుకపోతవా, తోలుకపో. లేదంటే వచ్చి పెద్దమనుషుల ముందట తెంచి పో. రెండిట్ల ఏదైనా మంచిదే. ఏదో ఒకటి చెయ్యి" అన్నాడు.

పరశురాములు రెండింటికీ, "వస్త" అన్నాడు.

పెద్దమనుషులు కూర్చున్నారు. పొద్దు గూకేదాకా చూసి లేచిపోయారు. ఇంకోసారి కూర్చున్నారు. ఇంకోసారి లేచిపోయారు. అతని ఆలస్యం అప్పటిదాకా అతనికే నష్టం అనుకున్నాం మేము. అక్కడ ఒక ఆడమనిషి ఇటూ కాక అటూ కాక నలిగిపోతోందన్న సంగతి మా ఊళ్లో ఎవరికీ పెద్దగా తట్టలేదు. మాకు నీళ్లు వేళకు వస్తున్నాయి. అతను మంచివాడే.

వానాకాలం మొదట్లో ఒక పొద్దున ఆమే వచ్చింది. మొదటి ఆటోలో దిగింది. గుర్తుపట్టడానికి నాకు కొంచెం సేపు పట్టింది. మనిషి సన్నబడింది, కణతల దగ్గర వెంట్రుకలు నెరిశాయి. పరశురాములు ట్యాంకు కింద వాల్వు తిప్పుతున్నాడు. ఆమెను చూసి కడ్డీ అట్లాగే పట్టుకుని నిలబడిపోయాడు.

"మంచిగున్నవా?" అంది.

"ఉన్న. బిడ్డ?"

"మంచిగున్నది." కొంగు సర్దుకుంది. "ఒక్కటే అడగనీకి వచ్చిన. నేను నీకు కావాల్నా, వద్దా?"

"కావాలె" అన్నాడు. వెంటనే అన్నాడు. అందులో అబద్ధం ఉందని నేను ఇప్పటికీ అనుకోను.

"అయితే గా కడ్డీ కింద పెట్టు. ఇంటికి పోదాం నడువు. గది లేకున్నా మంచిదే. ఇయ్యాల్టి సంది ఉంట. రేపు బిడ్డను తోలుకొస్త."

ఆమె మొహంలోకి చూశాడు. కడ్డీ వైపు చూసుకుని, "కింది వాడకు నీళ్లు ఇడువలే ఇంకా. ఇడిసి వస్త" అన్నాడు.

"ఇడువు. కూసుంట" అంది కళ్యాణి.

మా దుకాణం బల్ల మీద కూర్చుంది. నేను చాయ్ ఇప్పించాను. తాగింది. పరశురాములు కింది వాడకు పోయాడు. అక్కడి నుంచి చివరి వాడకు పోయాడు. అక్కడ ఎప్పటి నుంచో సన్నగా కారుతున్న ఒక అతుకును విప్పి, కొత్తగా బిగించడానికి కూర్చున్నాడట. ఎవరూ ఆ రోజు అది బాగుచేయమని అడగలేదు. పొద్దు నడినెత్తికి వచ్చింది. పోశమ్మ ఒకసారి వాకిట్లోకి వచ్చి, కోడల్ని దూరం నుంచి చూసి లోపలికి పోయింది. ఎండకు బల్ల కాలుతుంటే కళ్యాణి కొంచెం నీడ వైపు జరిగింది. అంతే కదిలింది.

చివరకు అతను వచ్చాడు, చేతులకు బురదతో.

"అయిందా?" అంది.

"అయింది. మోటరు కాడ జర చూసి..."

కళ్యాణి లేచింది. మెడలో పుస్తెల తాడు తీసి చేతిలో పట్టుకుంది. "పట్టు" అంది.

అతని చెయ్యి ముందుకు రాలేదు.

"పట్టుమంటే పట్టవు. వద్దంటే వద్దు అనవు. నేనేం చెయ్యాలె చెప్పు? నువ్వు చెడ్డోనివైనా మంచిగుండేది. ఎప్పుడో పోతుంటి." పుస్తెను ట్యాంకు మెట్టు మీద పెట్టింది. రేగొండ పోయే ఆటో ఖాళీగా నిలబడి ఉంది. ఎక్కి కూర్చుంది. వెనక్కి చూడలేదు.

నేను దుకాణంలో నుంచి బయటికి వచ్చాను. "పర్శరాములు, ఆటో ఇంకా ఊరు దాటలేదు. బండి తియ్యి" అన్నాను.

అతను పుస్తె తీసి చొక్కా జేబులో వేసుకున్నాడు. ఇంటి ముందున్న బండి దగ్గరికి గబగబా నడిచాడు. తాళంచెవి పెట్టాడు. పెట్టి ఆగాడు. "పెట్రోల్ ఉన్నదో లేదో" అంటూ వంగి, బండిని అటూ ఇటూ ఊపి, ట్యాంకులో చప్పుడు విన్నాడు. మూత తీసి లోపలికి చూశాడు. మళ్లీ ఊపాడు. ఆటో చప్పుడు చెరువుకట్ట అవతలికి పోయి వినపడకుండా అయ్యేదాకా ఊపుతూనే ఉన్నాడు.

కళ్యాణి మహబూబాబాద్ వెళ్లిపోయింది. ఒక గుడిలో దండలు మార్చుకున్నారట. తేజస్విని తల్లి వెంట పోలేదు. ఆ ఇంట్లో ఎదిగిన ఇద్దరు మగపిల్లలు ఉన్నారు, ఉన్నది ఒకటే గది. పిల్లను జనగామలో హాస్టల్లో వేశారు. పండుగలకు మేనమామ ఇంటికి వస్తుంది.

నేను ఏదో పని మీద మహబూబాబాద్ పోయినప్పుడు ఒకసారి ఆమెను చూశాను. బండి దగ్గర నిలబడి మిరపకాయలు పిండిలో ముంచి నూనెలో వేస్తోంది. నన్ను చూసి ప్లేటు పెట్టింది, తినేదాకా ఏమీ అడగలేదు. తరువాత, "ఊర్లె నీళ్లు మంచిగ వస్తున్నాయా అన్నా?" అంది. వస్తున్నాయన్నాను. తల ఊపింది.

"ఈయన మంచోడే" అంది కాసేపటికి, అవతల గిన్నెలు కడుగుతున్న బాలనర్సయ్యను చూపించి. "ఏదన్న అడిగితే ఆ దినమే చేస్తడు. కాకపోతే నా బిడ్డ నాకాడ లేదు. ఆయనేదో ఒకటి తొందరగ చెప్పి ఉంటే, పిల్ల చిన్నగ ఉన్నప్పుడే నా ఎంబడి వస్తుండె. గిప్పుడు పెద్దగైంది, దానికి సోయి వచ్చింది. రాదు."

మా ఊళ్లో పోశమ్మ చనిపోయింది. పరశురాములు ఒక్కడే ఉంటున్నాడు. వాల్వులు తిప్పుతున్నాడు. ఒకనాడు పాత ఇనుప ముక్క గుచ్చుకుని పాదానికి గాయమైంది. షుగర్ ఉందని అంతకుముందే తెలుసు, మందు సరిగ్గా వేసుకోడు. రోజూ నీళ్లలో, బురదలో నిలబడే కాలు. గాయం పుండైంది. ఆశా వర్కరమ్మ రెండుసార్లు చెప్పింది. ఓదెలు తిట్టాడు. నేను చెప్పాను. "సోమారం దవాఖానకు పోత" అన్నాడు. ఎన్నో సోమవారాలు పోయాయి. ఆ కాలితోనే కుంటుకుంటూ వచ్చి బడి దగ్గర పైపు లీకు బాగుచేశాడు. దుకాణం ముందు నిలబడితే పుండు వాసన నాకు తెలిసేది. ఆడవాళ్లు బిందెలతో దూరం జరిగేవారు. అతను చూసి, తనే ఇంకొంచెం దూరం జరిగేవాడు.

జ్వరంతో మాటలు తడబడుతున్న రోజున ఓదెలు అంబులెన్సుకు ఫోన్ చేశాడు. వరంగల్ పెద్ద దవాఖానలో మోకాలి కింది నుంచి కాలు తీసేశారు.

నేను, ఓదెలు మార్చి మార్చి అక్కడ ఉన్నాం. నేను ఉన్న రోజు ఎల్లస్వామి తేజస్వినిని తీసుకొచ్చాడు. ఇంటర్ చదువుతోంది. తల్లి ఎత్తు, తండ్రి కండ్లు. మంచం కాళ్ల వైపు నిలబడి, దుప్పటి కింద చదునుగా ఉన్న చోటును చూసింది.

"నా ఫంక్షన్ నాడు వచ్చినవ్ గదా బాపు" అంది.

పరశురాములు తలగడ మీద తల ఇటు తిప్పాడు.

"నీకు తొవ్వ చూపించినామె మా అత్తమ్మ చెల్లె. ఎవలో బట్టల సంచి పట్టుకొని వచ్చి, గుట్టకని పోయిండని చెప్పింది. నేను లేచి బయటికొచ్చిన. నువ్వు గుట్ట మెట్లెక్కుతున్నవ్."

"పిలువకపోయినవా బిడ్డా?"

"పిలిస్తే ఆగుతుంటివా?"

అతను దుప్పటి అంచు సర్దుకున్నాడు.

"అమ్మకు చెప్పలే" అంది తేజస్విని. "ఇప్పటిదాక చెప్పలే."

ఆ మాటకు అతని మొహం ముడుచుకుపోయింది. "భయమైతుండె" అన్నాడు. "మీ అమ్మ సూపుకు. నేనొక్కసారి నవ్విన బిడ్డా. నవ్వద్దుండె. ఎన్ని దినాలైతే గంత బరువైతది. ఒక్కటి మాత్రం నిజం. వద్దామనే అనుకున్న. రోజూ అనుకున్న."

తేజస్విని ఓదార్చలేదు. తిట్టలేదు. పక్క బల్ల మీద ఉన్న బత్తాయి వలిచి, తొనలు తీసి, ఒక్కొక్కటి అతని చేతికిచ్చింది. పోయేటప్పుడు, "ఫోన్ చేస్త" అన్నాడు పరశురాములు.

"నువ్వు చెయ్యకు. నేనే చేస్త" అంది.

ఇప్పుడు వాల్వులు తిప్పడానికి వేరే మనిషి వచ్చాడు. పరశురాములు చంకకర్రలతో మా దుకాణం దాకా వచ్చి బల్ల మీద కూర్చుంటాడు. పైపులో నీళ్ల చప్పుడు విని, ఏ వాడలో ఒత్తిడి తగ్గిందో, ఎందుకు తగ్గిందో కొత్తవాడికి చెబుతాడు. కొత్తవాడికి అది నచ్చదు. సగం రోజులు నీళ్లు రావు. ఊళ్లో జనం విసుక్కుంటూ పరశురాములు కాలం బాగుండేదంటారు. అతను వింటాడు.

ఆదివారం తేజస్విని ఫోన్ చేస్తుంది. హాస్టల్లో ఏం వండారో, ఏ పరీక్ష ఎట్లా రాసిందో చెబుతుంది. అతను ఊఁ అంటాడు, తిన్నవా అంటాడు. ఒక ఆదివారం ఫోన్ పెట్టేశాక దాన్ని చేతిలోనే తిప్పుతూ కూర్చున్నాడు. ఏమైందని అడిగాను.

"సెలవులకు వస్త, నీకేం కావాలె చెప్పు, పట్టుకస్త అన్నది."

"ఏం చెప్పినవ్?"

"తెల్వలేదన్నా. ఎంత ఆలోచన చేసినా ఏం తెల్వలేదు. వచ్చే ఐతారం చెప్తనన్న."

ఆ తరువాతి ఆదివారం పరీక్షలుండి ఆ పిల్ల ఫోన్ చేయలేదు. సెలవుల్లో వచ్చింది. రెండు చొక్కాలు, ఒక దుప్పటి తెచ్చి, ఒక్కరోజు ఉండి, ఇల్లు ఊడ్చి వెళ్లింది.